గుట్టకు పట్టాదారు ఎవరు?

వికారాబాద్ జిల్లా కుల్కచర్ల మండలంలో బండవెల్కిచర్ల దగ్గర పాంబండ ఉంది. పాము సాగిలపడి పడుకున్నట్టుండే రాయి గనుక ఆ పేరు వచ్చిందని ఊళ్ళో చెబుతారు. రామలింగేశ్వరస్వామి దర్శనానికి వచ్చినవాళ్ళు చాలామంది దండం పెట్టుకుని దిగిపోతారు. కాసేపు ఆ బండ మీదే కూర్చుంటే కింద కంది చేలు, పత్తి చేలు, తండాలు, మేకల మందలు, దూరాన మరికొన్ని గుట్టలు కనిపిస్తాయి. ఇంత నేలకూ నీళ్ళు పట్టి ఇస్తున్నది ఈ గుట్టలే. వాన బండ మీద పడి, పొదల వేళ్ళను తడుపుతూ ఒర్రెలోకి దిగి, చెరువుకు చేరుతుంది. గుట్ట మీద పొద పోతే చెరువులోకి నీళ్ళ బదులు మన్ను వస్తుంది. ఈ సంగతి చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు, మేకలు కాసే అవ్వ చెబుతుంది.

ఈ గుట్ట ఎవరిదని ఆమెను అడిగితే ‘దేవునిది’ అంటుంది. మండలాఫీసులో అడిగితే జవాబు అంత సులువుగా రాదు. మన ఊళ్ళలో ఏ గుట్టనైనా తీసుకోండి. గుడి ఉంటే గుడి వరకు దేవాదాయ శాఖ. పాత శాసనమో విగ్రహమో బయటపడితే పురావస్తు శాఖ. చెట్టు అడవి హద్దుకు లోపలుంటే అటవీ శాఖ, అడుగు బయటుంటే రెవెన్యూ. రాయికి లీజు రాసేది గనుల శాఖ. చెరువుకు నీటిపారుదల శాఖ. మేకలు మేపుకునే హక్కు మాత్రం చాలాచోట్ల ఏ రిజిస్టరులోనూ ఉండదు, అది తాతల నాటి వాడుక. ఒక్క గుట్టను ఇంతమంది పంచుకున్నాక, గుట్ట మొత్తం గుట్టలాగే ఉండాలని చూసుకోవడం ఎవరి పనీ కాకుండా పోయింది. తవ్వుకోవడానికి అనుమతి ఇవ్వగల కుర్చీలు చాలా ఉన్నాయి. వద్దని చెప్పే బాధ్యత ఉన్న కుర్చీ ఒక్కటీ లేదు.

ఈ ఖాళీని నింపడానికి కొన్ని దేశాలు నూరేళ్ళకు ముందే ఒక ఏర్పాటు చేసుకున్నాయి. లాభం చూసుకోని ఒక ట్రస్టు భూమిని దానంగానో కొనుగోలుగానో తన పేరిట పెట్టుకుంటుంది. అమ్మడానికి కాదు, ఉన్నది ఉన్నట్టు తర్వాతి తరానికి అప్పజెప్పడానికి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1891లో చార్లెస్ ఇలియట్ అనే తోటల శిల్పి చొరవతో ఇలాంటి సంస్థ మొదటిది పుట్టింది. 1895లో ఇంగ్లండులో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, హార్డ్‌విక్ రాన్స్లీ కలిసి నేషనల్ ట్రస్టును స్థాపించారు. దానికి చేతికొచ్చిన మొదటి భూమి వేల్స్ సముద్రతీరంలో బార్మత్ ఊరి పైనున్న ఒక కొండవాలు. ఫానీ టాల్బట్ అనే ఆమె ఇచ్చింది. ఐదెకరాలకు మించదు, పంట పండేది కూడా కాదు. ఈనాడు ఆ సంస్థ చేతిలో కోటలున్నాయి, మైళ్ళకొద్దీ సముద్రతీరం ఉంది. అంతకంటే ముఖ్యమైనది 1907లో పార్లమెంటు చేసిన చట్టం. ఒకసారి ‘అన్యాక్రాంతం కానిది’ అని ప్రకటించాక ఆ భూమిని ట్రస్టే అమ్ముకుందామన్నా అమ్మలేదు. కాపలాదారు చేతిని కూడా కట్టేసిన చట్టం అది.

మన దగ్గర ఇలాంటిది ఎందుకు పెరగలేదు? ఇచ్చేవాళ్ళు లేకనా? తెలుగు నేల మీద భూదానం చెప్పే శాసనాలు ఎన్ని దొరికాయో లెక్కపెట్టడమే ఒక జీవితకాలం పని. చెరువు తవ్వించినవాడికి, దాన్ని కాపాడే కుటుంబానికి ఆయకట్టులో దశబంధ మాన్యం ఇచ్చేవారు. ఆ మాన్యం తిన్నన్నాళ్ళూ కట్ట తెగకుండా, తూము పూడకుండా చూసే బాధ్యత వాళ్ళదే. భూమినే జీతంగా కట్టి ఒక ఉమ్మడి ఆస్తిని తరతరాలు నిలిపిన ఆ పద్ధతిని ఇవాళ్టి మాటలో ట్రస్టు అనొచ్చు. హైదరాబాద్ రాష్ట్రంలో 1955 చట్టం ఇనాములను రద్దు చేసింది. ఇనాందార్ల కింద నలిగిన రైతులకు అది న్యాయమే, అక్కడ వెనక్కి చూడాల్సిన పని లేదు. కానీ పెత్తనంతో పాటు కాపలా ఏర్పాటూ పోయింది. దాని స్థానంలో మనం పెట్టింది ఒక శాఖను. శాఖకు చెరువు మీద అధికారం ఉంది గాని చెరువు నిండకపోతే దాని పొయ్యి ఆరిపోదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ భూదానం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు వినోబా భావేను ఎనభై ఎకరాలు అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. దేశమంతా నడిచిన ఉద్యమం అక్కడ మొదలైంది. 1965లో చట్టం వచ్చింది, భూదాన యజ్ఞ బోర్డు వచ్చింది. ఆ తర్వాత ఏమైందో హైదరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దానమిచ్చిన భూముల మీద వెంచర్లు లేచాయి, సర్వే నంబర్లు చేతులు మారాయి, ఈనాటికీ కోర్టుల్లో, దర్యాప్తు సంస్థల దగ్గర ఫైళ్ళు తిరుగుతున్నాయి. దాతల్లో లోపం లేదు, అడిగినవారి అవసరంలోనూ అబద్ధం లేదు. చట్టం కూడా ఉంది. తప్పిపోయింది ఒక్కటే: ఆ భూమి పోతే నిద్రపట్టని మనిషి ఆ బోర్డులో ఎప్పుడూ కూర్చోలేదు. కుల్కచర్ల గుట్టల కోసం ట్రస్టు పెడదామనేవాళ్ళు ముందు ఈ కథను చివరిదాకా చదవాలి. మంచి మనసుతో రాసిన దస్తావేజు యాభై ఏళ్ళ తర్వాత ఎవరి బీరువాలో ఉంటుందో పోచంపల్లి మనకు చూపించింది.

దీనికి ఎదురుగా పెట్టి చూడాల్సింది అనంతపురం వైపు కల్పవల్లి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో ముప్పై ఎకరాల బీడు నేల కొనుక్కుని బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, మిత్రులు ‘టింబక్టు కలెక్టివ్’ మొదలుపెట్టారు. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ళ జనం బోడిగుట్టల మీద పడ్డారు. వాళ్ళు చేసిన పెద్ద పని మొక్కలు నాటడం కాదు. నిప్పు అంటకుండా చూశారు. వేసవిలో మంటలు రాకుండా గీతలు గీసి, కావలివాళ్ళను పెట్టి, చెట్లు కొట్టకుండా ఆపితే నేల తనంతట తానే లేచింది. ఈత వచ్చింది, బోద గడ్డి వచ్చింది, ఎండిన వాగుల్లో తేమ వచ్చింది. దాదాపు తొమ్మిది వేల ఎకరాల కరువు నేల పచ్చబడింది. అదే కల్పవల్లి. దూరపు ఊళ్ళ పశువులు కూడా అక్కడికి మేతకొచ్చాయి. ఊళ్ళు కలిసి సహకార సంఘం పెట్టుకున్నాయి.

అయితే రెవెన్యూ కాగితం మీద ఆ నేల బంజరే. ఇరవై ఏళ్ళు కాపాడినవాళ్ళ పేరు ఏ గడిలోనూ లేదు. 2010 దాటాక గాలిమరల కంపెనీలు వచ్చినప్పుడు ప్రభుత్వం దృష్టిలో అది ఎవరికీ పనికిరాని ఖాళీ స్థలం. గుట్టల నెత్తిన రోడ్లు తవ్వారు, వాలు తెగింది, మన్ను కిందికి జారింది. వివాదం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. గాలి కరెంటు దేశానికి అవసరమే, కాదనను. కానీ ఎక్కడ, ఎంత, ఏ దారిన అని అడిగే హక్కు ఆ నేలను బతికించినవాళ్ళకు లేకపోవడం నాకు మింగుడుపడదు. పోచంపల్లిలో కాగితం ఉండి కాపలా లేకపోయింది, కల్పవల్లిలో కాపలా ఉండి కాగితం లేకపోయింది.

వికారాబాద్ జిల్లాలో ఈ రెండు లోపాలూ కలిసి కనిపిస్తాయి. ఒక్క జిల్లాలో మూడు రకాల నేల ఉంది. అనంతగిరి పైన ఎర్రటి లాటరైటు, దాని కింద నల్లరాయి. తాండూరు వైపు సున్నపురాయి, నాపరాయి. పరిగి, కుల్కచర్ల వైపు గ్రానైటు గుట్టలు. అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుకు వెళ్ళి హైదరాబాద్ దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాగ్నా పడమరకు తిరిగి తాండూరు మీదుగా భీమలోకి పోతుంది. అంటే రెండు వైపులా నీళ్ళు పంచే ఇంటి వెన్నుగాడి లాంటిది ఈ ప్రాంతం. అలాంటి చోట రక్షణ అంతా జీవోల మీద నిలబడి ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహకానికి 1996 మార్చిలో 111 జీవో ఇచ్చిన రక్షణను 2022 ఏప్రిల్‌లో 69 జీవో తీసేసింది. హైదరాబాద్ రాళ్ళ గుట్టల కోసం 1996 నుంచి పోరాడుతున్న ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ కొన్ని శిలాసముదాయాలను వారసత్వ జాబితాలోకి ఎక్కించగలిగింది. 2015లో ఆ జాబితాకు ఆధారమైన 13వ నిబంధననే తొలగించారు. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ రాయికి మనం ఇచ్చిన రక్షణ ఒక తరం కూడా నిలవలేదు.

మరి అడవి సంగతి? పూడూరు మండలం దామగుండం అటవీ భూమి. అందులో సుమారు 2,900 ఎకరాలు నౌకాదళం సమాచార ప్రసార కేంద్రానికి వెళ్ళాయి. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. జలాంతర్గాములతో మాట్లాడే ఇలాంటి కేంద్రం దేశంలో ఇది రెండోది, మొదటిది తిరునెల్వేలి దగ్గర ఉంది. దేశరక్షణ అవసరాన్ని తేలిగ్గా తీసేయలేం. అక్కడి జనం ప్రశ్నించింది కూడా ఆ అవసరాన్ని కాదు, స్థలాన్ని. ఆ ప్రశ్న అడగడానికి వాళ్ళకు ధర్నాచౌకూ హైకోర్టూ తప్ప ఇంకో చోటు లేకపోయింది. అడవి అటవీ శాఖదిగా ఉన్నంతకాలం అది ప్రభుత్వానిది. ప్రభుత్వం ఒక జేబులోంచి తీసి మరో జేబులో పెట్టుకుంటే ఊరివాడు అడ్డుకోగలిగేది తక్కువ.

చేవెళ్ళ మర్రిచెట్ల కథ చెప్పకుండా ముందుకు పోలేను. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డు వెడల్పు చేయాలి. దారి పొడవునా తొమ్మిది వందల దాకా మర్రిచెట్లు. ప్రకృతి ప్రేమికులు ట్రిబ్యునల్‌కు వెళ్ళారు, పని ఏళ్ళ తరబడి ఆగింది. 2025 నవంబరు 3న అదే దారిలో మీర్జాగూడ దగ్గర తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పర్ ఢీకొంది. ఇరవై మంది దాకా ప్రాణాలు పోయాయి, అందులో చదువుకునే పిల్లలున్నారు. ఆ తర్వాత తాండూరు, వికారాబాద్ ఇళ్ళలో చెట్ల మాటెత్తడం కష్టమైంది. చెట్లా మనుషులా అనే ప్రశ్న ముందుకొచ్చింది. రోడ్డు గీత గీసినప్పుడే చెట్ల తరఫున మాట్లాడే సంస్థ ఒకటి ఆ బల్ల దగ్గర ఉండి ఉంటే ఆ ప్రశ్న పుట్టేదే కాదేమో. చెట్లను వదిలి పక్కనుంచి రోడ్డు పోనిచ్చే ఆలోచన మొదటి రోజే చేయొచ్చు. చివరి రోజున వచ్చిన అభ్యంతరం ఎంత న్యాయమైనదైనా చావు ఇంటి ముందు నిలబడలేదు. సంరక్షణ ట్రస్టుకు ఉండాల్సిన మొదటి గుణం ముందే అక్కడ ఉండడం.

చట్టంలో దారి ఉందా అంటే, ఉంది. కొంచెం వంకర దారి. 1882 ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ప్రకారం ఒకరికి భూమి రాసిస్తూ ‘ఎన్నటికీ అమ్మకూడదు’ అని షరతు పెడితే ఆ షరతు చెల్లదు. భూమి వెళుతుంది, మాట మిగలదు. అయితే ప్రజాహితం కోసం చేసే బదిలీలకు అదే చట్టం 18వ సెక్షన్‌లో వెసులుబాటు ఉంది. ఆస్తిని తరతరాలపాటు ఒక పనికి కట్టిపెట్టడం మీదున్న నిషేధాలు వాటికి వర్తించవు. అంటే మనిషికి ఇస్తే నిలవనిది ధర్మకార్యానికి ఇస్తే నిలిచే వీలుంది. పాశ్చాత్య దేశాల్లో రైతు భూమి తన దగ్గరే ఉంచుకుని, కట్టడాలు కట్టే హక్కును మాత్రం ట్రస్టుకు వదులుకునే పద్ధతి ఉంది. దానికి సరిపడే చట్టం మనకింకా లేదు. అది రావాలి.

రెండో దారి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ. ఊరు గాని వ్యక్తి గాని ముందుకొస్తే ప్రైవేటు భూమిని, ఊరుమ్మడి భూమిని ‘కమ్యూనిటీ రిజర్వు’గా ప్రకటించవచ్చు. జంతువులు, చెట్లతో పాటు సంప్రదాయ, సాంస్కృతిక సంరక్షణ విలువలను కూడా ఆ సెక్షన్ పేరుపెట్టి చెప్పింది. గుడీ గుట్టా కలిసిన పాంబండ లాంటి చోటుకు ఇంతకంటే దగ్గరి మాట చట్టాల్లో నాకు కనిపించలేదు. ప్రకటించాక భూమి వాడకం మార్చాలంటే నిర్వహణ కమిటీ తీర్మానమూ కావాలి, రాష్ట్ర ప్రభుత్వ ఆమోదమూ కావాలి. ఒక సంతకంతో పని జరగదు. ఇక ఊరుమ్మడి భూముల ఆక్రమణ మీద 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఏ గ్రామానికైనా చేతికందే ఆయుధం. 2025 ఏప్రిల్‌లో అదే కోర్టు కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను ఆపింది. ఆ ఊరి పేరులోనే కంచె ఉంది. మేతకు వదిలిన నేలను మనవాళ్ళు పిలుచుకున్న పేరు అది.

ఇక్కడ ఒక భయం చెప్పాలి. సంరక్షణ అనగానే ముందు తరిమేది మేకను. వికారాబాద్ చుట్టూ గుంటల లెక్కన అమ్ముతున్న ఫామ్ ప్లాట్లకు, వారాంతపు రిసార్టులకు కూడా పచ్చదనం మీద ప్రేమే. రేపు ఆ ప్రేమే ట్రస్టు పేరు పెట్టుకుని గుట్ట చుట్టూ ముళ్ళతీగ కట్టి, గేటు దగ్గర టికెట్ పెట్టొచ్చు. కుల్కచర్ల చుట్టూ లంబాడీ తండాలున్నాయి. గుట్ట వాళ్ళకు చూడడానికి వచ్చే చోటు కాదు. కట్టెలు, సీతాఫలాలు, మేత, పండుగ అన్నీ అక్కడే. కల్పవల్లి నిలబడింది కూడా పశువుల్ని వెళ్ళగొట్టి కాదు, మేతకు కట్టుబాట్లు పెట్టి. కాబట్టి ట్రస్టు దస్తావేజులో మొదటి పేజీ మీద రాయాల్సింది చెట్ల జాబితా కంటే ముందు మేపుకునేవాళ్ళ హక్కుల జాబితా. పేదలకు పంచాల్సిన అసైన్డ్ భూమిని పర్యావరణం పేరుతో వెనక్కి లాగే పనికి కూడా ఈ ట్రస్టు చేయి పెట్టకూడదు. భూమి లేనివాడికి అందాల్సిన ఎకరం తీసుకుని గుట్టను కాపాడామంటే ఆ గుట్ట ఎవరికోసం?

పెద్ద భూములు కొనాల్సిన పనీ లేదు. 1973 భూసంస్కరణల చట్టం మెట్టలో ఒక కుటుంబానికి నేల తరగతిని బట్టి 35 నుంచి 54 ఎకరాలకు మించనివ్వదు, ఆ చట్టం ఉద్దేశాన్ని మనం గౌరవించాలి. గుట్ట చాలావరకు సర్కారుదే అయి ఉంటుంది. దానికి సర్కారు భూమికి వర్తించే రిజర్వు ప్రకటన కావాలి. కొనాల్సినవి తాళంచెవుల్లాంటి చిన్న ముక్కలు: గుట్ట పాదాన ఒర్రె మలుపు తిరిగే అరెకరం, గుడికి పోయే దారి పక్క పట్టా, పాత మెట్ల బావి ఉన్న నాలుగు గుంటలు. ఆ ముక్క వెంచర్‌లో కలిస్తే వెనకనున్న నూరెకరాలకు నీళ్ళ దారి మూసుకుపోతుంది. డబ్బు ఎక్కడిదంటారా? తాండూరు నేలను తవ్వి సిమెంటు చేస్తున్న కంపెనీలున్నాయి. గనుల నుంచి వచ్చే సొమ్ములో కొంత ప్రభావిత ప్రాంతాలకు ఖర్చుపెట్టడానికే జిల్లా ఖనిజ ఫౌండేషన్ ఉంది. 2013 కంపెనీల చట్టం సామాజిక బాధ్యత పద్దులో పర్యావరణాన్నీ వారసత్వ సంపదనూ చేర్చింది. తవ్విన చోటు నుంచి వచ్చిన రూపాయిలో పది పైసలు తవ్వకుండా ఉంచాల్సిన చోటుకు పోవడంలో అన్యాయం లేదు.

సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశర్ల సత్యనారాయణ తన డెబ్బై ఎకరాల పిత్రార్జితాన్ని అడవిగా పెంచి, ఎంత ధర పలికినా అమ్మనన్నారు. నల్లగొండ ఫ్లోరైడ్ మీద జల సాధన సమితితో పోరాడిన మనిషి ఆయన. ఆ అడవి గురించి చదివినప్పుడల్లా గౌరవంతో పాటు ఒక దిగులు కలుగుతుంది. ఒక మనిషి పట్టుదల ఆ మనిషి ఆయుష్షంతే ఉంటుంది. అలాంటివాళ్ళు తమ భూమిని నమ్మకంగా అప్పజెప్పగల చోటు రాష్ట్రంలో ఒక్కటైనా ఉండాలి. అది కుల్కచర్లలో మొదలైతే తప్పేముంది?

ఆ చోటు నడిచే తీరు గురించి నాకున్న ఆలోచన ఇది. ట్రస్టీల్లో సగానికి పైగా ఆ ఊళ్ళవాళ్ళే ఉండాలి, అందులో ఆడవాళ్ళు, తండావాళ్ళు తప్పనిసరి. పట్నం నుంచి వచ్చే న్యాయవాది, చరిత్రకారుడు, వృక్షశాస్త్రజ్ఞుడు సలహాకే గాని ఓటుకు కాదు. భూమి పత్రాల నకళ్ళు గ్రామపంచాయతీ గోడ మీద తెలుగులో కనబడాలి. భూదాన బోర్డు రికార్డు ఎవరికీ కనబడకపోవడం వల్ల కూడా అంత నష్టం జరిగింది. ఒక్క అంగుళం మార్చాలన్నా ట్రస్టు, గ్రామసభ, కలెక్టర్ ముగ్గురూ ఒప్పుకోవాలి. ఇది నెమ్మదిగా నడుస్తుంది. నెమ్మదిగా నడవడమే దాని పని.

2025 డిసెంబరులో తెలంగాణ పల్లెలకు కొత్త సర్పంచులు వచ్చారు. రెండేళ్ళకు దగ్గరగా ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్న పంచాయతీలకు మళ్ళీ మనుషులొచ్చారు. 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టమంది. బండవెల్కిచర్లలోనో కుల్కచర్లలోనో జరిగే ఒక గ్రామసభలో ఒక్క పని చేయొచ్చు. ఊరిచుట్టూ ఉన్న గుట్టలు, కంచెలు, గైరాన్లు, ఒర్రెలు, పాత బావులు, వీరగల్లులు, రాతి విగ్రహాలు, పెద్ద చెట్లు, మేకలు నడిచే బాటలు ఒక్కొక్కటీ సర్వే నంబరుతో సహా రాయించాలి. రాసేటప్పుడు ముందు వరుసలో కూర్చోబెట్టాల్సింది మేకలు కాసే ఆ అవ్వను. ఏ బండ కింద ఊట ఎండాకాలం దాకా ఉంటుందో, ఏ రాతిమీద అక్షరాలున్నాయో ఆమెకు తెలుసు.